ముగ్గురిలో ఇద్దరు

పదకొండున్నరకి పుష్పలత నూటనలభయ్యో బొమ్మ తెరిచింది. నల్లటి పళ్లెం అడ్డుపెట్టి తీసిన సూర్యుడు, చుట్టూ పొగలాంటి వెలుగు. బొమ్మ శుభ్రంగా ఉంటే ఒక మీట, చెడిపోయి ఉంటే ఇంకో మీట. రాజోలులో బడి మూతపడేదాకా పంతొమ్మిదేళ్లు భౌతికశాస్త్రం చెప్పిన మనిషి, ఆరు నెలలుగా అమలాపురంలో చెప్పుల దుకాణం మీది గదిలో ఈ పని చేస్తోంది. సూర్యుడు ఎప్పుడు రేణువుల తుఫాను విసురుతాడో అంతరిక్షంలో ఉన్నవాళ్లకి ముందే చెప్పేలా ఈ బొమ్మలతో ఒక కంప్యూటరుకి నేర్పుతున్నారు.

ఆ పూట వరసగా వచ్చినవన్నీ ఒకే రోజు బొమ్మలు. మొదట పళ్లెం అంచున వెలుగు ఉబ్బింది. గంట తిరక్కుండా బొమ్మ నిండా నూక చల్లినట్టు తెల్లటి చుక్కలు. చుక్కలుంటే చెడిపోయినట్టేనని నిబంధన. పుష్పలత చెయ్యి ఆగిపోయింది. ఆ రేణువులే వచ్చి కెమెరాకి తగులుతున్నాయి. దేని రాకని కనిపెట్టాలో దాన్నే పారేయమంటున్నారు. చుక్కలున్న ఇరవై బొమ్మలకీ శుభ్రం మీటే నొక్కింది.

భోజనాల దగ్గర ఆ సంగతి కీర్తికి చెప్పింది. కీర్తి ఆమె దగ్గర పదో తరగతి చదివిన పిల్ల, ఇప్పుడు అదే గదిలో ఇదే పని చేస్తోంది. చారన్నం కలుపుతూ విని తలూపింది. చాలాకాలానికి ఓ పాఠం చెప్పినట్టనిపించింది పుష్పలతకి.

సూపర్‌వైజరు అభిలాష్ కూడా మర్యాదగానే విని, పైవాళ్లకి రాస్తానన్నాడు. నాలుగింటికి మళ్లీ పిలిచాడు. ప్రతి బొమ్మా ముగ్గురికి వెళ్తుంది, ఇద్దరు ఒకటంటే మూడోవారిది తప్పు. ఆమెకి ఒక్కరోజే ఇరవై తప్పులు పడ్డాయి. రేపటినుంచి ఐడీ పనిచెయ్యదన్నాడు.

"మీరు చెప్పింది నిజమే అయ్యుండొచ్చండి. కానీ ఇక్కడ ఇద్దరు ఏదంటే అదే నిజమండి."

ఆ ఇద్దరూ ఎవరని అడిగింది. అభిలాష్ తెర ఆమెవైపు తిప్పాడు. ఒకరెవరో వేరే ఊళ్లో. రెండో పేరు కీర్తి. ఆ ఇరవై బొమ్మలకీ కీర్తి చెడిపోయిన మీట నొక్కింది భోజనం తరవాతే.

కీర్తి మెట్లదాకా వచ్చింది. "నాకు అర్థమైందండి మేడమ్," అంది, తల ఎత్తకుండా. "ఇది పోతే ఇంకో పని లేదండి నాకు."

"ఆయ్," అంది పుష్పలత. రాజోలు బస్సులో ఎండ కళ్లలో పడుతుంటే అవతలి సీటుకి మారి కూర్చుంది.

కుర్చీ ఎత్తుకి కాళ్లు అందక ఆమె ఇంటినుంచి తెచ్చుకున్న తాటిచెక్క పీట బల్ల కిందే ఉండిపోయింది. మర్నాడు ఆ కుర్చీలో కూర్చున్న కొత్తమనిషి దాన్ని కాలితో గోడవైపు నెట్టింది. పీట మీద అరికాళ్లు ఆని నలుపెక్కిన రెండు గుర్తులు.