ఫ్రీజర్ మీద పడ్డ నింద

మా మామగారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన ఉద్యోగం వదిలినా ఉద్యోగం ఆయన్ని వదల్లేదు. ఊరందరి కరెంటు మీటర్లూ చూసిన మనిషి ఇప్పుడు మా ఒక్క మీటరుతో సరిపెట్టుకుంటున్నారు. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా తెలియదు గానీ, మీటరులో చక్రం కాస్త వేగంగా తిరిగితే మాత్రం నిద్రలోనూ తెలుస్తుంది.

ఫ్యాక్టరీలో మా ఆయనకి షిఫ్టులు తగ్గించారు. దూరపు ఊళ్ళో పని దొరికింది. ఒప్పుకుంటే ఇక ఆదివారాలకే ఇంటికి చుట్టం. "రెండు నెలలు ఆగండి. ఇంటి ఖర్చు దించి చూపిస్తాను. దిగకపోతే మీ పెట్టె నేనే సర్దుతాను" అన్నాను.

మూతపడ్డ హోటల్ వాళ్ళ దగ్గర పాత డీప్ ఫ్రీజర్ ఒకటి కొన్నాను. టోకు బజారు కట్టేసే వేళకి వెళ్ళి కోళ్ళు, బఠాణీలు, క్యారెట్లు బస్తాల్లో తెచ్చి, కడిగి, తరిగి, పూటకింత అని సంచుల్లో కట్టి, గాలి నొక్కేసి, పలచగా పరిచి గడ్డ కట్టించాను. వారానికి సరిపడా వంట ముందే అనుకోవడంతో "ఇవాళేం కూర" అన్న ప్రశ్నకి మా ఇంట్లో నూకలు చెల్లాయి. సరుకుల ఖర్చు సగానికి దిగింది.

కరెంటు బిల్లు మాత్రం ఎక్కి కూర్చుంది.

"చిల్లుకుండలో నీళ్ళు పోయడమే అమ్మాయ్. నువ్వు మిగిల్చిందంతా ఆ పెట్టె మింగుతోంది" అన్నారు మామగారు.

దూరపు ఊరివాళ్ళకి సోమవారం జవాబు చెప్పాలి. మా ఆయన తన చొక్కాలు లెక్క చూసుకోవడం నా కంట పడింది.

ఆదివారం పొద్దున్న వంటింట్లోకి వెళితే ఫ్రీజర్ ప్లగ్గు తీసేసి ఉంది. దాని మీద మామగారి రగ్గు. బయట వరండాలో మీటరు కింద స్టూలేసుకుని మామగారు. మూత తీసి చూడబోయాను.

"మూత తీయకు. నిండుగా ఉన్న పెట్టె, ఒక పూటకేం కాదు. ఇది లేకపోతే చక్రం ఎలా ఉంటుందో వాడికి చూపించాలి. ఒరేయ్, ఇటు రా."

మా ఆయన వచ్చి చూశారు. చక్రం కునికిపాట్లు పడుతోంది.

"చూశావురా?" మామగారి ముఖం వెలిగిపోయింది.

"పొద్దెక్కుతోంది మామయ్యగారూ, స్నానం కానివ్వండి. మీ స్టూలు మీ అబ్బాయి చూసుకుంటారు" అన్నాను, నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు.

స్నానాలగదిలో గీజర్ స్విచ్ టక్కుమంది. చక్రం ఉలిక్కిపడి లేచి పరుగందుకుంది.

మా ఆయన చక్రాన్నీ, స్నానాలగది తలుపునీ, నన్నూ చూశారు. "ఫ్రీజర్ ప్లగ్గు తీసే ఉంది కదూ?"

"తీసే ఉంది. ఫ్రీజర్ వచ్చిన నెలే చలీ మొదలైంది, అప్పట్నుంచీ మీ నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు కదండీ. పూటకో వేణ్ణీళ్ళ స్నానం. ఒక్కోటి మహాయజ్ఞం."

మామగారు ఆవిర్లు కక్కుతూ బయటికొచ్చేసరికి కూడా చక్రం పరిగెడుతూనే ఉంది. మా ఆయన స్టూలు ఖాళీ చేశారు. మీటరు భాష మామగారికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. వెళ్ళి గీజర్ కట్టేశారు. చక్రం కూలబడింది. మళ్ళీ వేశారు. లేచి పరిగెత్తింది. చేసిన ఉద్యోగానికి ద్రోహం చేయలేక, గీజర్ కట్టేసి ఫ్రీజర్ ప్లగ్గు కూడా పెట్టి చూశారు. చక్రం కాస్త నడక పెంచింది, అంతే.

రగ్గు ఆయనే మడత పెట్టుకున్నారు.

మధ్యాహ్నం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. బఠాణీల కూర రెండోసారి వడ్డించుకున్నారు మామగారు.

"నాన్నా, వాళ్ళకి రేపేం చెప్పమంటావు?" అన్నారు మా ఆయన.

"రానని చెప్పు. నా మోకాళ్ళకి వేణ్ణీళ్ళ సంచీ చాలు." తర్వాత కంచంలోకి చూస్తూ ఏదో గొణిగారు.

"ఏమన్నారు మామయ్యగారూ? ఫ్యాను చప్పుడులో వినపడలేదు" అన్నాను. ఫ్యాను వేసి లేదు.

ఆయన తలెత్తి నన్ను చూశారు. మీసాల కింద నవ్వు ఆపుకోవడం తెలుస్తూనే ఉంది.

"తప్పు నాదే అన్నానమ్మాయ్. నీ ఫ్రీజర్‌ది కాదు."