నలభై ఒకటో చెట్టు

చెట్టు ఎండిపోవచ్చు, విరిగిపోవచ్చు. సన్నబడదు.

కానీ నలభై ఒకటో నంబరు మడచెట్టు కాండం చుట్టుకొలత 2021లో పదకొండు సెంటీమీటర్లు, 2022లో నాలుగు. మౌక్తిక ఆ వరుసను మూడుసార్లు సరిచూసింది. వరంగల్ నుంచి సూరత్ వచ్చి పరిశోధన చేస్తోందామె. తాపీ నది సముద్రంలో కలిసే చోట నూట ఇరవై మడచెట్లకు నంబరు బిళ్లలు కట్టి, పన్నెండేళ్లుగా ఏటా కొలుస్తున్నారు. సముద్రం ముందుకొచ్చి ఉప్పు పెరిగేకొద్దీ ఆ అడవి ఏమవుతుందో తెలుసుకోవాలని. ఈ పని ఇంకో పదేళ్లు సాగాలో, ఆగాలో సోమవారం కమిటీ తేలుస్తుంది.

ఇంతకుముందు ఈ పని చేసిన ముగ్గురు పరిశోధకులూ అలాంటి అంకెల్ని రాతలో పొరపాటనుకుని వదిలేశారు. మౌక్తిక పన్నెండేళ్ల పట్టికలూ పక్కపక్కన పెట్టింది. సన్నబడ్డ చెట్లు పంతొమ్మిది.

ఇన్నేళ్లలో మారని మనిషి ఒక్కడే, లింగం. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి సూరత్‌లోని నవాగామ్‌లో ఉంటూ మరమగ్గం, అతని మాటలో సాంచా, నడుపుతాడు. సెలవు రోజున ఇక్కడికొచ్చి చెట్లు చూసుకుంటాడు.

ఆదివారం పొద్దున, పోటు తగ్గాక, ఇద్దరూ బురదలో దిగి నలభై ఒకటి ముందు నిలబడ్డారు.

"కాకా, ఇది పాత చెట్టేనా?"

"పాతదెక్కడిది బిడ్డా? అది సచ్చి మూడేండ్లాయె. పక్కపొంటి మొలక దెచ్చి పెట్టిన. బిళ్ల గట్టిన."

"ఎందుకు?"

"ఏంది గట్లడుగుతవ్? సాంచా మీద పోగు తెగితే ముడేస్తమా, ఇడిసిపెడ్తమా? నూటిర్వై అన్నరు, నూటిర్వై నిలవెట్టిన. ఒక్కటి తక్కువుంటే చెప్పు."

"అయ్యో కాకా! ఏది చచ్చిందో, ఎప్పుడు చచ్చిందో తెలియడానికేగా కొలిచేది!"

లింగం మొహం చిన్నబోయింది. "ఇన్నేండ్లల్ల ఒక్కలన్న జెప్పిన్రా నాకు?"

ఎవరూ చెప్పలేదు. చెట్లు జాగ్రత్తగా చూసుకోమన్నారు, అంతే.

సన్నబడ్డవి పంతొమ్మిదే. చచ్చినవీ సన్న మొలకలే అయితే, వాటి చోట వేరేవి పెట్టినా పట్టికకు చిక్కవు. అవెన్నో తెలియకపోతే పన్నెండేళ్ల పనీ చెత్తబుట్టకే.

"మొత్తం ఎన్ని మార్చావు?"

"యాదికుంటదా?" లింగం వంగి బిళ్ల తిప్పి చూశాడు. "జర ఆగు. మీ సార్లు రాగి తీగెతోని కట్టిన్రు. నేను కట్టింది దారం. అప్పుడు సాంచా మీద ఏ రంగు నడుస్తే గదే జేబుల ఉంటది, ఏడాదికో రంగు."

ఎండకు తెల్లబడ్డ ముడిని గోటితో విప్పాడు. లోపల రంగు చెక్కుచెదరలేదు.

"పసుపు. ఇది కరోనా ఎనక రెండో ఏడు నడిచింది."

మౌక్తిక పట్టిక చూసింది. 2022.

మళ్లీ పోటు వచ్చేలోగా నూట ఇరవై బిళ్లలూ తిప్పి చూశారు. దారం ముడులు ముప్పై నాలుగు. మూడు కుళ్లిపోయి రంగు తెలియలేదు. మిగతా వాటికి లింగం ఏడాది చెబుతుంటే ఆమె రాసుకుంది. సన్నబడ్డ పంతొమ్మిదిలో పద్దెనిమిదింటికి అతని మాటా పట్టికా కలిశాయి.

"ఈ ఒక్కటీ కలవలేదు కాకా."

"మీ కాయితమే తప్పు," అన్నాడు లింగం.

రాత్రి ఆమె బొమ్మ గీసి చూసింది. చచ్చిన ముప్పై నాలుగులో ఇరవై ఆరు సముద్రం వైపు రెండు వరుసల్లోవే, అందులోనూ ఎక్కువ గత ఐదేళ్లలోవి. ఒక్కటీ చావలేదని పట్టిక చెబుతూ వచ్చిన అడవి అంచు నుంచి తరిగిపోతోంది.

సోమవారం కమిటీ ముందు మొదటి మాటగా ఆ తప్పే చెప్పింది. ఒక పెద్దాయన కళ్లద్దాలు తీశాడు.

"మగ్గం దారం సాక్ష్యమా?"

"పంతొమ్మిదిలో పద్దెనిమిది సార్లు నిజం చెప్పింది సార్."

పదేళ్లు ఇవ్వలేదు. మూడేళ్లు ఇచ్చారు. మొలకలు నాటకూడదని షరతు పెట్టారు.

తర్వాతి ఆదివారం సముద్రం వైపు వరుసలో ఆరో నంబరు చెట్టు ఆకులన్నీ రాల్చేసి నిలబడి ఉంది. దాని పక్కనే నాలుగు మొలకలు, చెయ్యి చాపితే అందేటంత దగ్గరలో. లింగం వాటి వంక చాలాసేపు చూశాడు.

"ఇట్లనే ఇడువాల్నా?"

"విడవాలి కాకా."

అతను కాండం గీరి చూశాడు. లోపల పచ్చి లేదు.

"రాస్కో. ఆరు. సచ్చింది. ఇయ్యాల్టి తారీఖెయ్యి."

టేపు తీసుకుని ఏడో చెట్టు వైపు నడిచాడు.