ఎర్నమ్మ వంతు

నేను ఒక ప్లాస్టిక్ బిందెను. విరిగిన కుర్చీలూ తెగిన చెప్పులూ కరిగించి నన్ను పోశారు. అందుకే నా రంగు నీలమూ కాదు, నలుపూ కాదు. విశాఖపట్నం కొండవాలు వీధిలో ఉండే ఎర్నమ్మ నన్ను బేరమాడి కొని, మెడకు పాత చీర అంచు కట్టింది.

నీళ్లు మోయడం నా పనిలో సగమే. మిగతా సగం నిలబడడం. మా వీధికంతా ఒకటే కొళాయి. రోజు విడిచి రోజు వస్తుంది. ఎర్నమ్మ అంట్లు తోమడానికి పోతూ నన్ను వరుసలో పెట్టి పోయేది. నేనుంటే ఆమె ఉన్నట్టే. ఎంత పోట్లాడుకున్నా ఒకరి బిందె ఇంకొకరు జరపరు.

ఆ వీధికి మైథిలి అనే కళాకారిణి వచ్చింది. ఊళ్లోని పెద్ద హాల్లో మా సందును ఉన్నదున్నట్టు కడతారట, జనం అందులో నడుస్తారట. పాత బిందె ఇస్తే కొత్తది ఇస్తానంది. ఆడవాళ్లు సంబరపడ్డారు. ఆమె మాత్రం అందరూ పనుల్లోకి పోయాక మనుషుల్ని పంపింది. వాళ్లు మమ్మల్ని వ్యానులోకి ఎక్కించి, మా చోట కొత్త బిందెలు అందంగా పేర్చారు. అన్నీ ఎర్రవే, అన్నీ ఒక్క అచ్చువే.

ఆ రోజు ఎర్నమ్మ కోడలికి పురిటి స్నానం. నీళ్లు వచ్చేసరికి ఏ బిందె ఎవరిదో ఎవరికీ తెలియలేదు. వీధి వీధంతా జుట్లు పట్టుకుంది.

"బాలింతరాలి తానానికే, ఒక్క బిందె ఒగ్గండే" అని, ఒక్క బిందె నీళ్లు వదలమని ఎర్నమ్మ బతిమాలింది.

"నీ బిందె ఏదో చూపించు, ఒగ్గుతాం" అన్నారు.

చూపించడానికి నేను అక్కడ లేను. సందు మొదట్లో ఆగి ఉన్న వ్యానులో ఉన్నాను. నా పక్కన మూత తీయని నీళ్ల డబ్బాలున్నాయి. మైథిలి వాటి జోలికి పోలేదు. మైకు ఆ గోల వైపు చాచి పట్టుకుని నిలబడింది. కొళాయి ఆగిపోయింది. స్నానం కాలేదు, బిడ్డను ఉయ్యాల్లో వేయలేదు, వచ్చిన చుట్టాలు వెనక్కి పోయారు.

హాల్లో మా కొళాయిలాంటిదే కట్టి దానికి మోటారు పెట్టారు. పొద్దస్తమానం అవే నీళ్లు తిరుగుతుంటాయి. గట్టు మీద గుప్పెడంత స్పీకరు. అందులోంచి ఎర్నమ్మ గొంతు, "ఒక్క బిందె ఒగ్గండే" అని. మళ్లీ అదే, మళ్లీ అదే. జనం నా భుజం మీద చెయ్యేసి ఫోటోలు దిగుతున్నారు.

వీధివాళ్లని చూడ్డానికి రమ్మన్నారు. ఎర్నమ్మ వచ్చింది. విన్నది. మైథిలి దగ్గరికి పోయింది.

"ఆ మాట తీయించండమ్మా. నా కోడలి కోసం అడుక్కున్న మాట అది."

"దీనికి ప్రాణమే అది, ఎర్నమ్మ గారూ. విని ఎంతమంది కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారో చూడండి."

"ఆ రోజు మీరక్కడే ఉన్నారు కదా. మీకు రాలేదేటి?"

మైథిలి ఎవరో పిలిచినట్టు అటు తిరిగింది.

ఎర్నమ్మ నన్ను ఎత్తి ఆ స్పీకరు మీద బోర్లించింది. కాపలా మనిషి వచ్చాడు, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. ఆమె వెళ్లిపోయింది.

సాయంత్రం మైథిలి వచ్చి నా చుట్టూ తిరిగి చూసింది. "అద్భుతం, ఇలాగే ఉంచండి" అంది. మర్నాటికి నా పక్కన అట్ట వెలిసింది. దాని మీద 'మౌనం' అని, కింద మైథిలి పేరు.

పేరు ఆమెనే పెట్టుకోనీ. ఎర్నమ్మ మాట లోపల నన్ను కొడుతూనే ఉంది. దాన్ని మాత్రం ఒక్క చెవికీ పోనివ్వను.