స్లాబు కింద అన్నం

“ఇంట్లో ఊరికే కూర్చోనుండేదానివే కదా, ఈ హెల్మెట్లు రవంత కడిగి పెట్టు” అని పొద్దున్నే పెరట్లో మూట కుమ్మరించి పోయాడు మొగుడు ఏబెల్. అప్పటికే కృపామణి అత్త రూతు మోకాళ్లకు నూనె రాసి, సైటులో పనివాళ్లకు సంగటి కెలికి, అందులో నంజుకోడానికి చెనిగ్గింజల ఊరిబిండి నూరి ఉంది. ఊరికే కూర్చోవడమంటే ఇదే కాబోలు. పసుపు హెల్మెట్లు సైటులో కన్నా ఆమె అటక మీదే ఎక్కువ కాలం ఉన్నాయి. ఎవరైనా చూడ్డానికి వచ్చే రోజున మాత్రం కిందికి దిగుతాయి.

ఈ రోజు వచ్చేది జ్ఞానాంబ. తిరుపతిలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతుంది. కట్టడాల దగ్గర ప్రమాదాలు ఎందుకు జరుగుతున్నాయి, జాగ్రత్త ఎవరు తీసుకుంటున్నారు అని పరిశోధన చేస్తోంది. బంగారుపాళ్యం దాటాక హైవే పక్కన ఏబెల్ కడుతున్న మామిడి గుజ్జు గోడౌను చూస్తానని కబురు పెట్టింది.

నిన్న సాయంత్రం ఏబెల్ మల్లెపూలు తెచ్చాడు. “రేపు నువ్వు కూడా సైటుకి రావాల మణీ. కాంట్రాక్టు లైసెన్సు నీ పేరున ఉండాది. మేడం అడిగితే సేఫ్టీ అంతా నేనే సూసుకుంటానని సెప్పు” అన్నాడు. అత్త కూడా “నా కోడలు పెద్ద ఆఫీసరు మాదిరి ఉండాది” అని మురిసింది. కృపామణికి పూలు తలలో బరువుగా అనిపించాయి. ఆమె మామిడి మండీలో పెరిగిన పిల్ల. పెట్టెలో పై వరస కాయలు నిగనిగలాడుతుంటే నాయన ముందు అడుగు వరసలోకి చెయ్యి పెట్టేవాడు. పెళ్లైన ఇన్నేళ్లలో, లైసెన్సు తన పేరున తీసిన రోజున కూడా, సైటు వైపు రానివ్వని మనిషి ఇప్పుడు కుర్చీ వేసి కూర్చోబెడతానంటే అడుగున ఏం పెట్టినట్టు?

కోడలి దర్జా చూడాలని అత్త కూడా జీపెక్కింది. సైటు దగ్గర కృపామణి దిగుతుండగానే ఎదురుగా ఒక ట్రాక్టరు నిండా సర్వి కర్రలు పోతున్నాయి.

“స్లాబు కింద ఊతంగా నిలబెట్టిన కర్రలు కదా అవి, యాడికి పోతా ఉండాయి?”

“పలమనేరులో ఇంకో స్లాబు వేయాల. ఇది ఈ ఎండకి రాయి అయిపోయింటాది. నువ్వు మేడం కాడ కర్రల మాట ఎత్తబాక.”

ఏబెల్ అప్పుడే వచ్చిన జ్ఞానాంబను పలకరించడానికి పోగానే, కాంక్రీటు మోసే తాయమ్మ దగ్గరికి వచ్చి సంగటి గిన్నె అందుకుంది. “ఎండకి గట్టిపడేదానికి అది స్లాబా, అప్పడమా మా? వేసి వారం కూడా కాలా, దినామూ నీళ్లు పట్టాల. ట్యాంకరు ఒకనాడూ రాలా. అడిగితే, నువ్వేమన్నా ఇంజనీరువా అని ఎగతాళి సేసినాడు మీ ఆయన” అని నవ్వింది. నవ్వుతూనే పోయి మిగతా ఆడవాళ్లతో ఆ స్లాబు నీడలోనే కూర్చుంది. అక్కడ ఇంకో నీడ లేదు, గేటు దగ్గరి వేపచెట్టు తప్ప. దాని కింద కుర్చీలు పెద్దవాళ్లకు.

కృపామణి స్లాబు కిందికి పోయి వడ్డిస్తుంటే వేపచెట్టు దగ్గరి మాటలు వినబడుతూనే ఉన్నాయి.

“ఇక్కడ ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిదండీ?” జ్ఞానాంబ గొంతు.

“అంతా మా ఆమే మేడం. పేరు ఆమెది, సేఫ్టీ ఆమెది. ఆమె మాటంటే మాటే. నేనూరికే కూలోళ్లను పిలిచే మేస్త్రీని.”

కృపామణి గంటె ఆగింది. వ్యాపారంలో ఇలాంటి వాటాదారును ఆమె ఎరుగును. లాభం పంచేటప్పుడు గుర్తుకు రాడు, నష్టం వచ్చిన రోజున ముందు వాడి ఇల్లు వెతుక్కుంటూ పోతారు. అయినా మొగుడు కదా, మరీ అంత చేస్తాడా అని మనసు ఒక పక్క ఇంకా బేరమాడుతూనే ఉంది.

“ఏమయ్యా, ఈడికి రా, సల్లగా ఉండాది. నీకూ పెడతాను” అని పిలిచింది.

“నాకు ఆకలి లేదు.”

జీపులో వచ్చేటప్పుడు ఆకలని దారి పొడుగునా గొణిగిన మనిషి. కృపామణి తలెత్తి పైకి చూసింది. బూడిదరంగు స్లాబు, మధ్యలో ఒక్క ఊతం లేదు. అందరినీ లేపుదామని నోరు తెరిచేలోగా, అంతదాకా జీపులోనే కూర్చున్న రూతు ఎండ ఓర్చుకోలేక చెంగు నెత్తిన వేసుకుని లోపలికి వచ్చి తాయమ్మ పక్కన కూర్చోబోయింది.

“అమ్మా! బయటికి రా! రామ్మా బయటికి, దాని కింద కూర్చోబాక!”

కుర్చీ పడిపోయింది. ఏబెల్ పరుగెత్తుకొచ్చి స్లాబు అంచు దగ్గర ఆగిపోయి, అక్కడి నుంచే చేతులు చాచాడు. ఆ కేకలోని భయం నటన కాదు. ఆ కప్పు కింద తాయమ్మ ఉంది, పని ఆడవాళ్లంతా ఉన్నారు, గంటె పట్టుకుని తనూ ఉంది. ఆయన పిలిచింది ఒక్క మనిషిని.

“అందరూ లేయండి. అన్నం తట్టలు ఆడే వదిలేయండి” అంది కృపామణి. అత్త రెక్క పట్టుకుని నడిపించింది. ఆఖరి మనిషి బయట పడ్డాకే తను అడుగు బయట పెట్టింది.

“మేడం, మళ్లా కర్రలు నిలబెట్టి, తెలిసినోళ్లు వచ్చి సూసేదాకా ఈడ పని ఆపేసినాను. రాసుకోండి.”

ఏబెల్ ముఖం కందగడ్డలా అయింది. “నా సైటులో పని ఆపేదానికి నువ్వెవురే?”

“ఇప్పుడే కదయ్యా మేడానికి సెప్పినావు.”