వీధి దగ్గు లెక్కలోకి వచ్చింది

తెల్లారితే చాలు, ఆ వీధి దగ్గేది. దగ్గబోయే ముందు నేల కాస్త అదిరేది. అంతే, టీకొట్టు దగ్గరున్నవాళ్లు గ్లాసుల మీద అరచెయ్యి మూసేవాళ్లు, మంగలి కత్తి పైకెత్తి పట్టుకునేవాడు, కుట్టుషాపు అత్తగారు మిషను చక్రాన్ని గట్టిగా ఆపి పట్టేది. ఖళ్ ఖళ్మని ఈ కొస నుంచి ఆ కొసదాకా దగ్గు సాగిపోయాక ఎవరి పని వాళ్లది. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు కూడా వారం తిరక్కుండా అలవాటు పడిపోయేవాళ్లు. ముసలి వీధి, అంత పొగ మింగితే దగ్గదా మరి!

అత్తగారి కోడలు నగరపాలక ఆఫీసులో పనిచేసేది. స్తంభాలకీ గోడలకీ బిగించిన పెట్టెలు గాలిలో పొగెంత, వీధిలో రొదెంత అని అంకెలు పంపిస్తుంటే, వాటిని సరిచేసి గీతలు గీయడం ఆవిడ ఉద్యోగం. వీధంతా ఆవిణ్ణి గాలి లెక్కలమ్మ అనేది. కార్లూ లారీలూ ఆపి ఆ వీధిలో బ్యాటరీ బస్సులూ సైకిళ్లూ మాత్రమే నడిపి చూద్దామని ఆఫీసులో పోరి పోరి ఒప్పించింది ఆవిడే. ఆర్నెల్లు చూస్తామన్నారు. గాలి బాగుపడితే సరే. పడకపోతే మునుపటి మాటే ఖాయం: రెండు వైపులా కొట్టేసి రోడ్డు వెడల్పు చేస్తారు. కొట్టేవాటిలో మొదటిది అత్తగారి కుట్టుషాపు. మొగుడు పోయాక కొడుకుని చదివించి ఇంతవాణ్ణి చేసింది ఆ షాపే.

గడువు దగ్గరపడింది. గాలి పెట్టె మాత్రం పొగ ఎప్పట్లాగే ఉందని ఒకటే పాట.

"అదేంటమ్మాయ్, గుమ్మంలో వేలాడేసిన తెల్లచొక్కాలు ఇప్పుడు సాయంత్రందాకా తెల్లగానే ఉంటున్నాయిగా?" అంది అత్తగారు.

"నాకూ అదే బుర్రకెక్కట్లేదత్తయ్యా."

వీధి సంగతి తేల్చే ఆఫీసు సమావేశానికి ముందురోజు ఇక ఉండబట్టలేక కోడలే నిచ్చెనేసుకుని ఎక్కింది. ఎక్కి తల పట్టుకుంది. బిగించడానికి వచ్చినవాళ్లు ప్లగ్గు ఎక్కడుందో అక్కడ పెట్టె తగిలించి చక్కాపోయారు. ఆ ప్లగ్గేమో కాఫీగింజలు వేయించే దుకాణం గోడకుంది. దాని పక్కనే పొగగొట్టం! ఇన్నాళ్లూ ఆ పెట్టె కాఫీ పొగని కొలుస్తూ కూర్చుంది.

"కొంప మునిగిందత్తయ్యా. మళ్లీ కొలవడానికి టైమెక్కడిది?"

"నీ పెట్టె తగలెయ్య! వీధి దగ్గి ఎన్నాళ్లయిందే? నా మిషను పొద్దున్నపూట ఆగడమే లేదు," అంది కింద నిచ్చెన పట్టుకున్న అత్తగారు.

కోడలు నిచ్చెన మీదే ఉండిపోయింది. రొద కొలిచే పెట్టెలో ఆ దగ్గు పడకుండా ఎక్కడికి పోతుంది? దగ్గినప్పుడల్లా పడింది. కానీ దగ్గు వీధి సొంత వ్యవహారం, బండ్ల రొద కాదు కదా అని ఆఫీసులో ఎప్పట్నుంచో దాన్ని ఏరి పక్కన పెట్టేసి మిగతాదే లెక్క కట్టేవాళ్లు. ఆవిడా ప్రతి నెలా అదే చేసింది. పక్కన పెట్టినవన్నీ కంప్యూటర్లో ఓ మూల భద్రంగా ఉన్నాయి. గబగబా దిగి ఆఫీసుకి పరిగెత్తింది.

మర్నాడు సమావేశంలో పెట్టె సంగతి చెప్పేసి, తెర మీద ఒకే గీత పెట్టింది.

"ఇది మా వీధి దగ్గు," అంది.

ఎవరూ నవ్వలేదు. అక్కడున్నవాళ్లలో ఆ దగ్గుకి టీ ఒలకబోసుకోనివాడు లేడు.

"దగ్గుని మనం లెక్కలోకి తీసుకోం కదమ్మా," అన్నాడు రోడ్ల ఇంజనీరు.

"తీసుకోకపోవడమే తప్పయింది సార్. చూడండి, బస్సులు మొదలయ్యాక ఎలా పడిపోయిందో."

అధ్యక్షురాలు కళ్లద్దాలు సవరించుకుంది. "మరి మధ్యలో ఇక్కడ మళ్లీ లేచిందేం?"

"పక్క రోడ్డు తవ్వినప్పుడు లారీల్ని మా వీధిలోకి మళ్లించారు మేడమ్. అవి వచ్చాక దగ్గు లేచింది, పోయాక అణిగింది. ఆ వారం బస్సులు తగ్గలేదు, కాఫీ దుకాణమూ మారలేదు. మారింది లారీలొక్కటే."

"మళ్లించింది ఎవరు?"

ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. "నేనేనండి." గీత వంక ఇంకోసారి చూసి నవ్వేశాడు. "రోగమూ మందూ రెండూ కళ్లముందే కనబడుతుంటే ఇంకా కాదంటే బాగోదు." అందరికంటే ముందు చెయ్యెత్తింది ఆయనే. వెడల్పు మాట కొట్టేశారు. బస్సులు శాశ్వతమన్నారు. మిగతా వీధులకీ ఇదే పద్ధతి చూద్దామని అధ్యక్షురాలు అంటుంటే కోడలికి కళ్లనీళ్లు ఆగలేదు.

బస్సెక్కి వస్తుండగానే కబురు ఆవిడకన్నా ముందు వీధి చేరిపోయింది. బస్సు మలుపు తిరిగేసరికి వీధి ఊపిరి పీల్చుకుంది. మామూలుగా కాదు, గుండెల నిండా. రోడ్డు రోడ్డంతా, బస్సుతో సైకిళ్లతో దుకాణాలతో సహా, జానెడు పైకి లేచి హాయిగా కిందికి దిగింది. డ్రైవరు స్టీరింగు తిప్పుతూ, "మంచిది తాతా, నెమ్మది!" అన్నాడు.

అత్తగారు షాపు ముందుకొచ్చి నిలబడింది. షాపు ఉంటుందో ఊడుతుందోనని ఆర్నెల్లుగా ఒక్క పెళ్లి బట్టలూ ఒప్పుకోలేదు. బస్సు దిగుతున్న కోడల్ని అందరి ముందూ గట్టిగా వాటేసుకుంది.

"పెళ్లిళ్లున్నవాళ్లు బట్టలు పట్రండర్రా!" అని వీధి దద్దరిల్లేలా కేకేసింది. "ఎన్నయినా సరే, ఇదుగో, ఇక్కడే కుడతాను!"