చిన్న కాపీ

"ఆ పోస్టరు మళ్లీ తప్పు పడింది, కాస్త చూడు" అన్నారు మా ఆయన, టీ కప్పు అందుకుంటూ. కప్పు ఇచ్చిన చేతిని నేనింకా వెనక్కి కూడా తీసుకోలేదు.

హాల్లో టీవీ కింద ఒక నల్ల పెట్టె ఉంది. ఆయన దాన్ని సర్వర్ అంటారు, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చూపిస్తారు. రెండు వేల పైచిలుకు సినిమాలు అందులో పోశారు. పోయడం వరకే ఆయన పని. ఫైలు పేరు చూసి అది ఏ సినిమానో కనిపెట్టి, బొమ్మ, సంవత్సరం, కథ, నటుల పేర్లు తెచ్చి అతికించే ప్రోగ్రాం ఒకటుంది గానీ దానికి తొందరెక్కువ. పేరు కాస్త కలిస్తే చాలు, ఏదో ఒకటి అంటగట్టేస్తుంది. పిల్లల బొమ్మల సినిమాకి దెయ్యం పోస్టరు, తండ్రీకూతుళ్ల కథకి బ్యాంకు దొంగల వివరాలు. ఒక్కోదాన్నీ తెరిచి, సరైన సినిమా వెతికి, మార్చి, మళ్లీ మారిపోకుండా తాళం వేయడం నా వంతు. మూడేళ్ల క్రితం ఒక ఆదివారం "నీకు ఓపికెక్కువ కదా" అన్నారు, అంతే. ఆ ఓపిక అనే మాట ఈ ఇంట్లో నా నెత్తిన ఎన్ని పనులు పెట్టిందో! స్టవ్వు తోమడానికి ఓపిక, ఆడపడుచు ఫోన్లో గంటసేపు చెప్పేది వినడానికి ఓపిక, ఇప్పుడు సినిమా బొమ్మలకి.

ఆ పెట్టెలో తలా ఒక ఖాతా ఉంది. ఆయనది 'యజమాని', నాది 'అతిథి'. పెట్టె బిగించిన రోజు సరదాకి పెట్టారట. అతిథికి చూసే హక్కే గానీ మార్చే హక్కు లేదు. అందుకని యజమాని ఖాతాలో దూరి ఈ చాకిరీ చేస్తుంటాను. స్నేహితులెవరైనా ఎంత పొందిగ్గా ఉందో అని మెచ్చుకుంటే, "అబ్బే, దానంతటదే సర్దుకుంటుంది" అంటారాయన. నేను పక్కనే పకోడీల పళ్లెం పట్టుకుని నవ్వుతూ నిలబడతాను. ఆ నవ్వు తలుచుకుంటే నామీద నాకే ఒళ్లు మండుతుంది.

ఈ ఆదివారం మాత్రం కాలు ఒకచోట నిలవడం లేదు. పెళ్లికి ముందు నేను సినిమా ఎడిటర్‌ని. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆడవాళ్ల మీద మా డైరెక్టర్ మేడమ్ నలభై నిమిషాల సినిమా తీస్తే, దాన్ని కూర్చింది నేను. ఆ మేడమ్ బుధవారం ఫోన్ చేశారు. "ఇంకోటి తీశానే. ఆరు వారాల పని. ఆదివారం సాయంత్రంలోగా చెప్పు, లేకపోతే వేరేవాళ్లని చూసుకోవాలి. మన పాతది ఒకసారి చూసుకో, చేతికి ఆ తీరు గుర్తొస్తుంది" అన్నారు. అదే మాట మా ఆయనతో చెప్పాను. "ఆరు వారాలా? మరి ఇల్లో?" అన్నారు. నీకు ఇష్టమేనా అని అడగలేదు. అత్తగారు బఠానీలు ఒలుస్తూ తలెత్తలేదు. అప్పటినుంచీ చేస్తానని ఒకసారి, చేయలేనని ఒకసారి, గిన్నె తోమినప్పుడల్లా మేడమ్‌కి జవాబు చెబుతూనే ఉన్నాను, నాలోపలే.

టీ కప్పులు కడిగేసి టీవీ ముందు కూర్చున్నాను. ఈ పెట్టెలోనే ఉన్న మా సినిమా పేరు, ఓ యుద్ధం సినిమా పేరు ఒకటే. అందుకని మొదట్నుంచీ ఆ రెండిటికీ కలిపి ఒకటే సిపాయిల పోస్టరు. ఎడిటర్ అన్నచోట ఎవరో మగాయన పేరు. మాది ఏ జాబితాలోనూ లేదు, వెతికితే దొరకదు, వివరాలన్నీ చేత్తో టైపు చేయాలి. వచ్చే వారం చూద్దాంలే, ముందు ఆయనవి అయిపోనీ అనుకుంటూ మూడేళ్లు గడిపాను. రెండు వేల సినిమాలకి వాటి వాటి పేర్లు నిలబెట్టాను, నాదానికి తీరిక దొరకలేదు.

పోస్టరు నొక్కాను. ఎప్పుడూ రెండు కాపీలు చూపించి ఏది కావాలని అడిగేది. ఈసారి అడగలేదు. తుపాకులు మోగాయి.

"ఏవండీ, ఇక్కడ నా సినిమా ఉండాలి."

"ఏది? అదా! రెండు కాపీలున్నాయి కదాని, నిన్న చోటు కోసం చిన్నది తీసేశాను."

"అది కాపీ కాదు."

"పోస్టరు ఒకటేగా, నాకెలా తెలుస్తుంది? నువ్వు ముందే సరిచేసి ఉండాల్సింది. నీ పనే కదా అది?"

నాకు ఏడుపు కాదు, కోపం వచ్చింది. ఇంతలో అత్తగారు కళ్లజోడు తుడుచుకుంటూ గదిలోంచి వచ్చారు.

"అమ్మాయ్, నిన్నట్నుంచీ నా సినిమా రావట్లేదు. సిపాయిలు కొట్టుకుంటున్నారు."

"ఏ సినిమా అత్తయ్యా?"

"అదే, దుప్పట్లు ఉతికేవాళ్లది. ఒకావిడ నీళ్లు పిండుతూ కూతురి సంగతి చెప్పి, నవ్వబోయి ఆగిపోతుంది చూడూ. మధ్యాహ్నం నువ్వు బజారుకెళ్లినప్పుడు పెట్టుకుంటాను. చివర్లో నీ పేరు పడుతుంది కదా, అది పడేదాకా లేవను."

ఆ నవ్వు ఎక్కడ ఆపాలో తేల్చుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. మేడమ్ తప్ప ఆ సంగతి గమనించినవాళ్లు లేరనుకున్నాను.

"మరి నాతో ఎప్పుడూ అనలేదేం?"

"నువ్వే దాని మాటెత్తవు. చెప్పుకోవడం ఇష్టం లేదేమోననుకున్నాను." కొడుకు వైపు తిరిగారు. "నువ్వు తీసేశావట్రా? ఎవర్నడిగి?"

"అమ్మా, నలభై నిమిషాల ముక్క అది..."

నేను అక్కడే నిలబడి మేడమ్‌కి ఫోన్ చేశాను. "మన సినిమా మీ దగ్గరుందా?" అనడిగాను. భద్రంగా ఉందన్నారు. "రేపు వస్తున్నాను. దాన్నీ తీసుకుంటాను, పనినీ తీసుకుంటాను."

ఫోన్ పెట్టేసరికి ఆయన టీవీ వైపు చూస్తున్నారు. శుక్రవారం పోసిన పదిహేను సినిమాలు తప్పు మొహాలతో వరసగా నిలబడి ఉన్నాయి.

"మరి ఇవన్నీ ఎవరు చూస్తారు?"

మూడేళ్లలో మొదటిసారి యజమాని ఖాతాలోంచి బయటికొచ్చాను. రిమోట్ తీసుకెళ్లి యజమాని చేతిలో పెట్టాను.