దుబాయికి నాలుగు గంటలు

పొద్దున ఆరింటికి కోరుట్లలో జీపు ఎక్కినప్పుడు నా చేతిలో పది గంటలున్నాయి. శంషాబాద్‌లో సాయంత్రం నాలుగింటికి దుబాయి విమానం. మా చెల్లె సుమిత్ర భర్త ఎల్లేశం అందులో పోవాలి. వీసా మీద ఆ దేశంలో దిగడానికి చివరి తేదీ ఆ రోజే. రాత్రి పన్నెండు దాటితే అది చిత్తు కాగితం. అతనికి త్వరలో నలభై ఐదేళ్లు నిండుతాయి. నలభై ఐదు దాటినవాణ్ని ఆ కంపెనీ తీసుకోదు. ఇంకో వీసా వచ్చేలోపు ఆ గీత దాటిపోతాడు.

చివరి రోజు దాకా ఆపింది నేనే. తెలంగాణ కోసం జరుగుతున్న సకల జనుల సమ్మె రేపోమాపో ఆగుతుంది, బస్సులు నడుస్తాయి అనుకున్నాను. ఆగలేదు.

కోరుట్లలో నాది సూట్‌కేసుల దుకాణం. గల్ఫ్ పోయేవాళ్ల పెట్టెలు తూచి, తాడు కట్టి పంపుతాను. దుబాయి రెండున్నర వేల కిలోమీటర్లు, గాలిలో నాలుగు గంటలు అని అడిగినవాళ్లందరికీ చెప్పేవాణ్ని. నేను మాత్రం విమానం ఎన్నడూ ఎక్కలేదు.

రుద్రంగి దగ్గర సమ్మెవాళ్లు రోడ్డుకు అడ్డంగా చెట్టు కొట్టేశారు. పొలాల దారిలో తిరిగి సిరిసిల్ల చేరేసరికి పదకొండు. అక్కడ నడిరోడ్డు మీద వంటావార్పు. వండి, అందరూ తిని లేస్తేనే రోడ్డు తెరుస్తారు. టికెట్ చూపించాను, దండం పెట్టాను. ఒక్క బండిని వదిలితే అన్నిటినీ వదలాలి, కూర్చోండి అన్నారు. రోడ్డు పక్కన కూర్చున్నాం. మొన్న కోరుట్లలో మేమూ ఇట్లాగే బండ్లు ఆపాం.

కట్టెలు పచ్చివి. ఎసరు ఎంతకూ మరగదు. నేను పొయ్యినీ గడియారాన్నీ మార్చి మార్చి చూస్తున్నాను. ఎల్లేశం పాస్‌పోర్టు కవరు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది.

పన్నెండున్నరకు జగిత్యాలలో టికెట్లు చేసే సాయన్నకు ఫోన్ చేశాను. నాలుగింటిది ఇక అందదు, రాత్రి తొమ్మిదింటి దాంట్లో సీటుంది, మార్చాలా అని అడిగాడు. తొమ్మిదికి నాలుగు కలిపాను. ఒంటిగంట. వీసా చచ్చిన గంటకు దిగుతాడు. వద్దని చెప్పి పెట్టేశాను.

"బావా, సుమిత్రకు నువ్వే చెప్పు. నాతోని గాదు," అన్నాడు ఎల్లేశం.

అన్నం కలుపుతున్న ముసలామె గరిట ఆపింది. అందరూ ఆమెను లచ్చవ్వ అంటున్నారు. ఏమైందని అడిగితే నా కూడికతో సహా చెప్పాను.

"గా ఒంటిగంట ఎవలది కొడుకా? మనదా, దుబాయిదా?"

నేను నా చేతి గడియారం చూపించాను.

"నా కొడుకు ఆడ ఎనిమిదింటికి పని దిగి ఫోన్ జేస్తడు. ఈడ తొమ్మిదిన్నరైతది. పదేండ్ల సంది గా గంటన్నర కూసోని కాస్తున్న. పెట్టెలమ్ముతవట, గిది ఎరుక లేదా?"

ఎరుకే. వందమంది చెప్పగా విన్నదే. భయంలో నా చేతి గడియారంతోనే దుబాయి రాత్రిని కొలిచాను. మన ఒంటిగంట అక్కడ పదకొండున్నర.

సాయన్నకు మళ్లీ ఫోన్ చేసేటప్పుడు తొందరలో రెండుసార్లు తప్పు నంబరు నొక్కాను. సీటు ఇంకా ఉంది. లచ్చవ్వ పెట్టిన బిరుసు అన్నం నిలబడే మింగాం. ఒకటిన్నరకు రోడ్డు తెరిచారు. ఏడింటికి అతన్ని విమానాశ్రయం లోపలికి పంపాను. దిగాక స్టాంపు పడేదాకా అరగంటే వ్యవధి. అక్కడి వరుస ఎంత పొడుగుంటుందో ఎవరు చెప్పగలరు?

తెల్లారి ఎల్లేశం ఫోన్ చేశాడు.

"స్టాంపు పడ్డది బావా. గోడ మీది గడియారంల పన్నెండుకు నాలుగు నిమిషాలు తక్కువుండె."

నా తెలివి ఆ రోజు ఒక్క నిమిషం సంపాదించలేదు. మన అర్ధరాత్రి మీద లచ్చవ్వ ఇంకో తొంభై నిమిషాలు ఇచ్చింది. అందులో ఎనభై ఆరు ఖర్చయ్యాయి, నాలుగు మిగిలాయి.